నాలుగు వేల లైన్ల కాపలా

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమల్లోకి వచ్చింది. అదే నెల 29న లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నల్ 5.6 విడుదలైంది. మొదటి తేదీని మనలో ఎవరమూ మర్చిపోలేం. రెండోది కంప్యూటర్ రంగంలో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ పట్టలేదు. వైర్‌గార్డ్ అనే, దూరంలో ఉన్న కంప్యూటర్ల మధ్య రహస్య సొరంగం వేసే చిన్న ప్రోగ్రాం లైనక్స్‌లో అంతర్భాగమై వచ్చింది ఆ విడుదలతోనే. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచి లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని సొంతూళ్లకు చేరినవాళ్లు, ఇంటి మధ్యగదిలో కూర్చుని కంపెనీ సర్వర్లు తెరవాల్సి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఈ రెంటినీ కలిపి ఎవరూ ముహూర్తం పెట్టలేదు. అయినా ఈ తేదీలను పక్కపక్కన చూసినప్పుడల్లా, అవసరం ముంచుకురాక ముందే కొన్నేళ్లపాటు ఆ పనిని చెక్కుతూ కూర్చున్న మనిషి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ఆ పనితనాన్ని దగ్గరగా చూడాలంటే వాడరేవులో ఒక ఇంట్లో పెట్టి చూడాలి. పిడుగురాళ్ల దగ్గర మొదలై నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు మీదుగా పత్తి, మిరప చేలను దాటుకుంటూ వచ్చే జాతీయ రహదారి చీరాల దాటాక ఇక్కడ సముద్రం ఒడ్డున ఆగిపోతుంది. ఒడ్డున బోట్లు, ఆరేసిన వలలు, లైట్‌హౌసు, సరుగుడు తోటలు. ఇలాంటి ఊళ్లకు వేగమైన నెట్ రావడం ఇటీవలి సంగతే. 2015లో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్, రోడ్లు తవ్వుకుంటూ కూర్చోకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగే పద్ధతి ఎంచుకుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయల ప్యాకేజీతో అది పల్లెల్లోకి వెళ్లింది. తర్వాత ప్రైవేటు కంపెనీలూ, ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లూ అదే దారి పట్టారు.

స్తంభం మీది నుంచి ఇంటికి దిగే ఆ సన్నని తీగలోనే మెచ్చుకోదగ్గ మొదటి పనితనం ఉంది. ఒకే పోగులో వచ్చే వెలుగును స్ప్లిటర్ అనే చిన్న భాగం, కరెంటు అవసరం లేకుండానే, ముప్ఫై రెండు ఇళ్లకో అరవై నాలుగు ఇళ్లకో పంచుతుంది. పంచడం అంటే ఎవరి వాటా వాళ్లకు విడదీసి పంపడం అనుకుంటాం. నిజానికి కిందికి వచ్చే వెలుగు అన్ని ఇళ్లకూ ఒకేలా చేరుతుంది. ప్రతి ఇంటి పెట్టె తనకు వచ్చింది తీసుకుని మిగతాది వదిలేస్తుంది. అంటే పక్కింటివాళ్ల డేటా కూడా మన గోడ దాకా వస్తుంది. అందుకే ఈ పంపకానికి జీపాన్ అనే ప్రమాణం రాసినవాళ్లు కిందికి వచ్చే దారికి ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ జోడించారు. ప్రతి ఇంటి పెట్టె తన కీని తానే తయారుచేసి పైకి పంపుతుంది. పైకి వెళ్లే వెలుగు పక్క ఇళ్లకు చేరదు కాబట్టి ఆ కీని వాళ్లెవరూ వినలేరు. వెలుగు ఎటు ప్రయాణిస్తుందో గమనించి ఆ గుణాన్నే కాపలాకు వాడుకున్నారు. ఈ చిన్న ఎత్తు నాకు చాలా ఇష్టం.

గోడ లోపలి సంగతి ఇంత బాగుండదు. కనెక్షన్ ఇచ్చి వెళ్తూ కేబుల్ అబ్బాయి వైఫై పాస్‌వర్డ్‌గా ఇంటాయన ఫోన్ నంబరే పెడతాడు. "మర్చిపోకుండా ఉంటుంది బాబాయ్, మీ నంబరే" అంటాడు. "అదే మంచిదిలే అబ్బాయ్" అంటాడు ఇంటాయన. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే. దాని వల్ల ఏమవుతుందో లెక్క వేసి చూపించాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు వైఫైని రూపొందించినవాళ్లది కాదు.

2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 అనే వైఫై కాపలా పద్ధతిలో పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా గాలిలోకి రాదు. పాస్‌వర్డునూ, వైఫై పేరునూ కలిపి 4096 సార్లు చిలికి 256 బిట్ల కీ తీస్తారు. ఫోను, రూటరు ఆ కీ తమ దగ్గర ఉందని నాలుగు సందేశాల్లో ఒకరికొకరు రుజువు చేసుకుంటాయి, కీని మాత్రం బయటపెట్టవు. అన్నిసార్లు చిలకడం ఎందుకంటే, దొంగగా ఊహించి చూసేవాడు ప్రతి ఊహకూ అంత శ్రమా పడాలని. వైఫై పేరు కలపడం ఎందుకంటే, ఒక ఇంటి కోసం ముందే వేసుకున్న లెక్కల పట్టీ ఇంకో ఇంటికి పనికిరాకూడదని. ఆలోచించి చేసిన పని ఇది.

అయితే వీధిలో నిలబడి ఆ నాలుగు సందేశాలను పట్టుకున్నవాడు వాటిని ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా ఊహలు పరీక్షించుకోవచ్చు. మన మొబైల్ నంబరులో పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. అంటే ఉండగలిగేవి మొత్తం 400 కోట్లు. వీడియో గేముల కోసం అమ్మే మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షల ఊహలు పరీక్షిస్తుంది. 4000 సెకన్లు, గంటా ఏడు నిమిషాల్లోపు దేశంలో ఉండగలిగే నంబర్లన్నీ అయిపోతాయి. ఇంటాయన నంబరు తెలిసినవాడికైతే ఒక్క ఊహ చాలు. ఆ నంబరు చేపల వ్యాపారి దగ్గరా ఉంటుంది, పాల అబ్బాయి దగ్గరా ఉంటుంది, పెళ్లిపత్రిక మీదా ఉంటుంది.

దీనికి మందు చాలా చవక. 7776 మాటల జాబితా ఒకటి పెట్టుకుని, పాచికలు వేసి, ఒకదానితో ఒకటికి పొంతన లేని అయిదు మాటలు తీయాలి. గవ్వ, రంపం, వడియం లాంటి మన మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవచ్చు. మనసుకు తోచిన మాటలూ, సామెతలూ, పాటల పల్లవులూ పనికిరావు, ఎందుకంటే అవి మనకు తోచినట్టే దొంగకూ తోస్తాయి. ఎంపిక పాచికలకే వదిలేయాలి. నాలుగు మాటలైతే అదే కార్డుకు నూట పదహారేళ్ల పని. అయిదో మాట చేరిస్తే ఆ లెక్క తొమ్మిది లక్షల ఏళ్లకు చేరుతుంది. 2018లో ప్రకటించిన డబ్ల్యూపీఏ3 పద్ధతి ఇంకో మెట్టు పైకెక్కింది. అందులో ప్రతి ఊహకూ రూటరుతో అప్పటికప్పుడు సంభాషించాల్సిందే, ఇంటికి తీసుకెళ్లి పరీక్షించే వీల్లేదు.

ఇంత జాగ్రత్తగా కట్టిన గోడకు పక్కనే ఒక దొడ్డిదారి పెట్టిన ఘనత డబ్ల్యూపీఎస్‌ది. రూటరు అడుగున అంటించి ఉండే ఎనిమిదంకెల పిన్ అది, పాస్‌వర్డ్ టైపు చేసే శ్రమ లేకుండా కనెక్ట్ కావడానికి. చివరి అంకె సరిచూసుకోవడానికి పెట్టింది కాబట్టి అసలు అంకెలు ఏడు, అంటే కోటి అవకాశాలు. కానీ రూటరు ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది. మొదటి నాలుగంకెలు తప్పైతే అక్కడే తప్పని చెప్పేస్తుంది. దాంతో పదివేలు, వెయ్యి కలిపి పదకొండు వేల ప్రయత్నాల్లో తలుపు తెరుచుకుంటుంది. స్టీఫన్ ఫీబక్ అనే పరిశోధకుడు 2011 డిసెంబరులో దీన్ని బయటపెట్టాడు. కోటి కాస్తా పదకొండు వేలకు పడిపోవడానికి కారణం జవాబు చెప్పకూడని చోట జవాబు చెప్పడం. రూటరు సెట్టింగుల్లోకి వెళ్లి డబ్ల్యూపీఎస్ ఆపేయడం రెండు నిమిషాల పని. ఆ మాట ఇక్కడితో వదిలేస్తాను, ఎందుకంటే జవాబు చెప్పకపోవడం అనే విద్యలో ఆరితేరిన పనివాడి దగ్గరికి వెళ్లాలి.

జేసన్ డోనెన్‌ఫెల్డ్ వృత్తి ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో లొసుగులు వెతకడం. 2012లో లైనక్స్ కెర్నల్‌లోనే ఒక పెద్ద లొసుగును ఎలా వాడుకోవచ్చో చూపించి పేరు తెచ్చుకున్నాడు. దూరంలో ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య ఎవరూ తొంగిచూడలేని సొరంగం (వీపీఎన్) వేయడానికి అప్పటికే పాత పనిముట్లు ఉన్నాయి. 1990ల నాటి ఐపీసెక్ ఒకటి, 2001లో వచ్చిన ఓపెన్‌వీపీఎన్ ఒకటి. ఓపెన్‌వీపీఎన్ ఒక్కటే లక్ష లైన్లు దాటుతుంది, అది ఆధారపడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను లెక్కలోకి తీసుకోకుండానే. లొసుగులు వెతికేవాడికి ఇంత పెద్ద కోడ్ అంటే ఏమిటో బాగా తెలుసు. అంత కోడ్ మొత్తాన్ని ఏ ఒక్క మనిషీ చదివి బుర్రలో నిలుపుకోలేడు. చదవని చోటే లొసుగు దాక్కుంటుంది. డోనెన్‌ఫెల్డ్ రాసిన వైర్‌గార్డ్ లైనక్స్ కోడ్, ఎన్‌క్రిప్షన్ గణితాన్ని పక్కన పెడితే, నాలుగు వేల లైన్ల లోపే.

ఆ కోడ్ చదవడానికి నేను కూర్చున్నప్పుడు ముందు ఆకట్టుకున్నవి ఫైళ్ల పేర్లు. సెండ్, రిసీవ్, పీర్, టైమర్స్, కుకీ, నాయిస్, అలౌడ్‌ఐపీస్. పంపడం ఒక చోట, అందుకోవడం ఒక చోట, గడువులు ఒక చోట. ఏ ఫైలు తెరిచినా దాని పని అదే చేస్తుంది. ప్రోగ్రామర్లు కానివాళ్లకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాపలా పనిలో, ఏది ఎక్కడుందో వెంటనే కనబడడం సగం కాపలా.

ఇక డోనెన్‌ఫెల్డ్ పాటించిన మౌనం. ఇంటర్నెట్‌లో ప్రతి చిరునామా తలుపూ తట్టుకుంటూ తిరిగే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు పనిచేస్తుంటాయి. సాధారణంగా సర్వరు ఏదో ఒకటి పలుకుతుంది, కనీసం నువ్వెవరని అడుగుతుంది. ఆ పలుకుతోనే అక్కడ తలుపుందని తెలిసిపోతుంది. వైర్‌గార్డ్ సంభాషణలో మొదటి సందేశం 148 బైట్లు. అందులో ఒక ముద్ర ఉంటుంది. సర్వరు పబ్లిక్ కీ తెలిసినవాడు మాత్రమే ఆ ముద్ర వేయగలడు. ముద్ర సరిపోలకపోతే సర్వరు తప్పని కూడా చెప్పదు, పట్టనట్టు ఊరుకుంటుంది. బయటివాడికి అక్కడ ఏదీ లేనట్టే ఉంటుంది. డోనెన్‌ఫెల్డ్ ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాడు. ఎవరో తేలని సందేశం వస్తే దాని కోసం కొత్తగా మెమరీ కేటాయించడు. దొంగ సందేశాలతో సర్వరును ముంచెత్తి మెమరీ తినేసే దాడికి అలా మొదట్లోనే చోటు లేకుండా చేశాడు. డబ్ల్యూపీఎస్ ఎక్కడ ఓడిపోయిందో ఇతను అక్కడే గెలిచాడు.

ముద్ర సరిపోయాక సర్వరు 92 బైట్ల జవాబు పంపుతుంది. ఒక రాకపోకతో ఇద్దరి దగ్గరా ఒకే రహస్య కీ తయారవుతుంది, ఆ కీ మాత్రం దారిలో ఎక్కడా ప్రయాణించదు. ఎలాగో చెప్పడానికి చీరాల మగ్గం మీది తేలియా రుమాలు కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ రుమాలుకు పడుగు పోగులకు వేరుగా, పేక పోగులకు వేరుగా చిటికి కట్టి, రంగుల్లో ముంచి ఆరబెడతారు. విడివిడిగా చూస్తే రెండింటి మీదా అర్థం కాని మచ్చలే. మగ్గం మీద ఒకదాన్నొకటి దాటిన చోట మాత్రమే బొమ్మ తేలుతుంది. ఇక్కడా అంతే. లాప్‌టాప్ తన రహస్య సంఖ్యను సర్వరు పంపిన బహిరంగ సంఖ్యతో కలుపుతుంది. సర్వరు తన రహస్యాన్ని లాప్‌టాప్ పంపినదానితో కలుపుతుంది. ఇద్దరికీ ఒకే ఫలితం వస్తుంది. దారిలో బహిరంగ సంఖ్యలు రెండూ చూసినవాడికి చేతికి చిక్కేవి మచ్చలే. ఈ గణితం డేనియల్ బర్న్‌స్టైన్ 2006లో ప్రచురించిన కర్వ్25519. 255 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి అందులోంచి పంతొమ్మిది తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య మీద నడుస్తుంది కాబట్టి ఆ పేరు.

అలా తయారైన కీని కూడా వైర్‌గార్డ్ ఎక్కువసేపు నమ్మదు. మాట్లాడుకుంటున్నంతసేపూ దాదాపు రెండు నిమిషాలకొకసారి కొత్త కీ తయారవుతుంది. మూడు నిమిషాలు దాటిన కీతో వచ్చిన ప్యాకెట్‌ను తీసుకోదు. తొమ్మిది నిమిషాలు గడిస్తే పాత కీలను మెమరీలోంచి చెరిపేస్తుంది. రేపు ఆ లాప్‌టాప్ దొంగల పాలైనా, నిన్న దారిలో పట్టి దాచుకున్న సంభాషణను దాంతో విప్పలేరు.

పాత పనిముట్లకూ దీనికీ అసలు తేడా నాకు ఇంకో చోట కనబడింది. పాతవి మొదట బేరం ఆడుకుంటాయి. నీకు ఏయే ఎన్‌క్రిప్షన్‌లు వచ్చు, నాకు ఏవి వచ్చు, ఇద్దరికీ కుదిరేది ఏది అని. ఆ బేరంలో మధ్యవాడు దూరి ఇద్దరినీ పనికిమాలిన ఎన్‌క్రిప్షన్‌కు దింపొచ్చు. 1990లలో అమెరికా ఎగుమతి నిబంధనల కోసం కావాలని బలహీనంగా చేసిన కీలు, ఎవరూ తీసెయ్యకపోవడం వల్ల వెబ్ సర్వర్లలో మిగిలిపోయి, 2015లో ఫ్రీక్, లాగ్‌జామ్ దాడులకు దారిచ్చాయి. డోనెన్‌ఫెల్డ్ బేరమే ఎత్తేశాడు. కీ ఒప్పందానికి కర్వ్25519, ఎన్‌క్రిప్షన్‌కు చాచా20, ముద్రకు పాలీ1305, చిలకడానికి బ్లేక్2ఎస్. ఇంకో ఎంపిక లేదు. వీటిలో ఏదైనా విరిగిన రోజున అందరూ కొత్త వెర్షన్‌కు మారాల్సిందే. మొండితనమే, కానీ ఏం వదులుకుంటున్నాడో తెలిసిన మొండితనం.

చాచా20ని ఎంచుకోవడంలో కూడా మన ఇళ్లకు కలిసొచ్చే గుణం ఉంది. ఏఈఎస్‌ను వేగంగా, భద్రంగా నడపడానికి ప్రాసెసర్‌లో ప్రత్యేక సౌకర్యం ఉంటే మంచిది. చౌక రూటర్లలో, పాత ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. చాచా20కి కూడిక, తిప్పడం, ఎక్స్-ఆర్ అనే మూడు పనులు వస్తే చాలు. పట్టికల్లో వెతుక్కునే పని లేదు కాబట్టి, లెక్కకు పట్టిన సమయాన్ని కొలిచి రహస్యం రాబట్టే దారీ మూసుకుపోతుంది. ఖరీదైన యంత్రం లేనివాడికీ అదే బలం అందుతుంది.

వాడరేవులో కూర్చుని పనిచేసేవాళ్లకు ఇందులో అన్నిటికంటే ఉపయోగపడే గుణం ఒకటుంది. సాయంత్రం మీటింగు నడుస్తుండగా గాలివాన మొదలై కరెంటు పోతుంది. రూటరు ఆరిపోతుంది. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటుంది, ఫోన్ హాట్‌స్పాట్‌కు మారుతుంది. ఇంటర్నెట్ దృష్టిలో ఇప్పుడది కొత్త చిరునామా, కొత్త దారి. పాత వీపీఎన్‌లు చాలావరకు ఇక్కడ తెగిపోతాయి, మళ్లీ లాగిన్ కావాలి, ఓటీపీ కోసం ఎదురుచూడాలి. వైర్‌గార్డ్‌కు మనిషి గుర్తు కీ మాత్రమే, చిరునామాతో పని లేదు. సరైన కీతో ముద్ర పడిన ప్యాకెట్ కొత్త చిరునామా నుంచి రాగానే సర్వరు ఆ చిరునామాను రాసుకుని జవాబును అటు పంపుతుంది. కరెంటు తిరిగొచ్చి మళ్లీ ఫైబర్‌కు మారినా అంతే. ఇది తర్వాత అతికించిన సౌకర్యం కాదు. గుర్తును కీకి ముడివేసిన మొదటి నిర్ణయం నుంచే దానంతటది పుట్టింది. మంచి పని లక్షణం అదే అని నేను నమ్ముతాను.

అంత బాగున్న పని కెర్నల్‌లోకి తేలిగ్గా వెళ్లలేదు. 2017లో డోనెన్‌ఫెల్డ్ తన పద్ధతిని ఎన్‌డీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో పత్రంగా సమర్పించాడు. 2018 ఆగస్టులో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, మెచ్చుకోలుకు తొందరపడని మనిషి, ఆ కోడ్‌ను పాత వీపీఎన్‌ల పక్కన పెట్టి చూసి కళాఖండమని రాశాడు. అయినా కెర్నల్‌లో అప్పటికే ఉన్న ఎన్‌క్రిప్షన్ వ్యవస్థను వాడాలా, డోనెన్‌ఫెల్డ్ కొత్తగా రాసినది తీసుకోవాలా అన్న వాదం సాగింది. 2019లో ఆయన ఒక మెట్టు దిగి రాజీపడ్డాడు. ఆ డిసెంబరులో కోడ్ నెట్‌వర్క్ విభాగంలోకి వెళ్లింది, మార్చిలో లోకానికి అందింది. తన పని మీద అంత పట్టుదల ఉన్నవాడు దాన్ని నలుగురికీ చేర్చడం కోసం ఎక్కడ తగ్గాలో తెలుసుకోవడం కూడా పనితనంలో భాగమే.

నమ్మకానికి ఇంకో ఆధారం గణిత నిరూపణ. అది ఎందుకు కావాలో 2017 అక్టోబరులో మాతీ వాన్‌హూఫ్ బయటపెట్టిన క్రాక్ దాడి చెబుతుంది. ఇందాక చెప్పిన వైఫై నాలుగు సందేశాల పద్ధతి భద్రమని అప్పటికే నిరూపించారు. కానీ మూడో సందేశాన్ని మళ్లీ పంపితే ఫోను పాత కీనే కొత్తగా బిగించుకుని లెక్కింపును మొదటి నుంచి మొదలుపెడుతుంది. కీని ఎప్పుడు బిగించాలన్నది ఆ నిరూపణ పట్టించుకోలేదు. వైర్‌గార్డ్‌ను 2019లో బెంజమిన్ లిప్, బ్రూనో బ్లాంషే, కార్తికేయన్ భార్గవన్ కంప్యూటర్ సాయంతో అంచె అంచెగా నిరూపించారు. వైర్‌గార్డ్ పరిమితిని డోనెన్‌ఫెల్డ్ తన పత్రంలోనే ఒప్పుకున్నాడు. సర్వరు శాశ్వత కీ దొంగ చేతికి చిక్కితే, ఏం మాట్లాడుకున్నారో తెలియకపోయినా, పాత సందేశాల నుంచి ఎవరు మాట్లాడారో తెలుసుకోవచ్చు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. వీపీఎన్ అనగానే యూట్యూబులో ప్రకటనలిచ్చే యాప్‌లు గుర్తొస్తాయి. అవి మన ట్రాఫిక్‌ను ఇంకొకరి సర్వరు గుండా పంపుతాయి, ఇంటి వైఫైకి తాళం వేయవు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం వీపీఎన్ సేవలు అమ్మేవాళ్లు వినియోగదారుల వివరాలు అయిదేళ్లు భద్రపరచాలి. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడుపుకొనే వాటికి ఇది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చింది. నేను మాట్లాడుతున్నది ఈ రెండో రకం గురించి. 2020 మార్చి 13న టెలికాం శాఖ బీపీఓ కంపెనీలకు అధీకృత వీపీఎన్ నిబంధననూ, డిపాజిట్ నిబంధననూ సడలించి ఇంటి పనికి దారి తెరిచింది కూడా ఇలాంటి సొరంగాల భరోసాతోనే.

సొరంగం ఎంత గట్టిదైనా దాని కొస మన ఇంట్లోనే ఉంటుంది. లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ భద్రపరిచే కంపెనీకి 2022లో జరిగింది ఇదే. దాడి చేసినవాళ్లు కంపెనీ గోడలను వదిలేసి ఒక ఇంజనీరు ఇంటి కంప్యూటరు మీద పడ్డారు. అందులో సినిమాలు చూసుకోవడానికి పెట్టుకున్న ప్లెక్స్ సాఫ్ట్‌వేర్ పాతది. అందులోని లొసుగుకు 2020 మేలోనే మందు వచ్చింది, ఆ కంప్యూటర్‌లో మాత్రం వేసుకోలేదు. అక్కడి నుంచి లోపలికి వచ్చి, ఆయన టైపు చేస్తుండగా మాస్టర్ పాస్‌వర్డ్ పట్టుకున్నారు. సొరంగం తన పని తాను చేస్తూనే ఉంటుంది, దొంగ యజమాని కుర్చీలో కూర్చున్నాడని దానికి తెలియదు. అందుకే ఆఫీసు లాప్‌టాప్‌లో ఇంటి పనులు వద్దు, ఇంటి కంప్యూటర్‌లో ఆఫీసు పని వద్దు. ఏ ప్రోగ్రాములు నడవాలో ముందే జాబితా రాసి మిగతావి నడవనివ్వని పద్ధతి ఒకటుంది. ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ హైదరాబాద్ కేంద్రం చేసిన యాప్‌సంవిద్ ఆ పద్ధతిదే. 2017 ఫిబ్రవరిలో మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా దాన్ని ఉచితంగా ఇచ్చారు.

లాప్‌టాప్ ఒక్కటే ఉండే ఇళ్లు కూడా ఇప్పుడు తక్కువ. గేటు మీద సీసీ కెమెరా, హాల్లో టీవీ, కొన్నిచోట్ల రొయ్యల చెరువు మోటార్లను ఫోను నుంచి నడిపే పెట్టె. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు అరవై చిల్లర చేతబట్టుకుని ప్రపంచమంతా కెమెరాలను, రికార్డర్లను లోబరుచుకుంది. ఆ అక్టోబరు 21న వాటిలో కొన్నిటిని, వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే డైన్ అనే సంస్థ మీదికి ఉసిగొల్పితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. 2018 మేలో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ 54 దేశాల్లో కనీసం అయిదు లక్షల పరికరాల్లో, ఎక్కువగా రూటర్లలోనే, తిష్ఠ వేసింది. కెమెరా కొన్న రోజే దాని పాస్‌వర్డ్ మార్చాలి, రూటరు సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేస్తుండాలి, దాని సెట్టింగులను బయటి నుంచి తెరిచే అవకాశం ఆపేయాలి. ఐపీవీ6 వచ్చాక ఇంట్లో ప్రతి వస్తువుకూ బయటివాళ్లకు కనబడే సొంత చిరునామా రావచ్చు కాబట్టి రూటరు ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఇవన్నీ కలిపినా ఒక ఆదివారం పొద్దుటి పని.

ఇంత చెప్పాక ఆఫీసు లాప్‌టాప్‌లో వైర్‌గార్డ్‌కు రాసే సెట్టింగు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పదిలోపు లైన్లు. తన రహస్య కీ ఒకటి, 44 అక్షరాలు. సొరంగంలో తన చిరునామా. సర్వరు పబ్లిక్ కీ, అదీ 44 అక్షరాలే. సర్వరు ఉండే చోటు. అలౌడ్‌ఐపీస్ అనే లైను రెండు పనులు చేస్తుంది. వెళ్లేటప్పుడు ఏ చిరునామాలకు సొరంగం గుండా పంపాలో చెబుతుంది. వచ్చేటప్పుడు, ఆ జాబితాలో లేని చిరునామా పేరుతో వచ్చినదాన్ని, ముద్ర సరిపోయినా సరే, తోసేస్తుంది. దారి చెప్పేదీ కాపలా కాసేదీ ఒకే పట్టిక కావడంతో రెండింటికీ మధ్య పొరపాటు దూరే సందు లేదు. చివరి లైను 25 అనే సంఖ్య. మాటలు ఆగిపోతే రూటర్లు దారి మర్చిపోతాయి కాబట్టి 25 సెకన్లకొకసారి 32 బైట్ల ఖాళీ ప్యాకెట్ ఒకటి పంపమని దాని అర్థం.

ఉద్యోగి కంపెనీ మారిన రోజున అడ్మిన్ సర్వర్‌లో ఆ మనిషి కీ ఉన్న మూడు లైన్లు తీసేస్తాడు. మిగతా ఉద్యోగులెవరూ ఏదీ మార్చుకోనక్కర్లేదు, వాళ్ల కీలు వేరు. ఇంటి వైఫైకి ఈ వెసులుబాటు లేదు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ కాబట్టి ఒకరిని ఆపాలంటే అందరికీ మార్చాలి. పండక్కి వచ్చిన చుట్టాలకూ, పక్కింటి పిల్లలకూ, గేటు మీది కెమెరాకూ రూటర్‌లో ఉండే గెస్ట్ వైఫై ఆన్ చేసి దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టాలి. పాచికలతో తీసిన ఆ అయిదు మాటలు ఆఫీసు లాప్‌టాప్‌కూ ఇంట్లోవాళ్ల ఫోన్లకూ ఉంచుకోవాలి.